జీడిచేతుల నూకరత్నం

మా తోటికోడలు నూకరత్నానికీ నాకూ నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే చెడింది. అన్నం గిన్నె దించడానికి నేను మసిగుడ్డ కోసం వెతుకుతుంటే, ఆవిడ వచ్చి సలసల మరుగుతున్న గిన్నెను ఒట్టి చేతులతో ఎత్తి పక్కన పెట్టింది. పెట్టి ఊరుకుందా? "పలక అట్టుకున్న సేతులు కదా, పాపం," అంది. నేను పదో తరగతి చదివి, అంగన్‌వాడీలో పిల్లలకు అక్షరాలు దిద్దబెట్టేదాన్ని. ఆవిడ బడి మొహం చూడని మనిషి, చిన్నప్పటి నుంచీ పలాస కాశీబుగ్గ జీడి షెడ్లలో పిక్కలు కొట్టి పెరిగింది. నన్ను పేరు పెట్టి పిలిచినదానికంటే "మా సదువులమ్మ" అని పిలిచిందే ఎక్కువ. నాకా కోపం ముక్కు మీద ఉంటుంది. ఒక ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని ఏళ్ళ తరబడి పోట్లాడుకున్నాం. మా వైపు అక్కను అప్ప అంటాం; ఆవిడను నేను "అప్పా" అనే పిలిచేదాన్ని, తిట్టేటప్పుడు కూడా.

ఆవిడ చేతుల గురించి చెప్పాలి. జీడిపిక్క పెంకులో నూనె ఉంటుంది. అది ఒంటికి తగిలితే నిప్పు తగిలినట్టే చురుక్కుమని బొబ్బ లేస్తుంది, బొబ్బ ఆరాక నల్లటి మచ్చ మిగులుతుంది. ఆ నలుపు సబ్బుకు లొంగదు, చింతపండుకు లొంగదు. జీడి షెడ్డులో పనిచేసే ఆడమనిషిని బజారులో ఎక్కడ చూసినా చేతులను బట్టి పోల్చుకోవచ్చు. మా అప్పవి మణికట్టు దాకా తారు పూసినట్టు ఉండేవి. పెళ్ళిళ్ళలో వడ్డనకు లేస్తే, పట్నం చుట్టాలు విస్తరి కొంచెం వెనక్కి లాక్కునేవారు. ఆవిడ చూసీ చూడనట్టు నవ్వి, పప్పు గరిటె పక్కవాళ్ళకి ఇచ్చేసేది.

అలాగని ఆ చేతుల్ని తక్కువ చేయడానికి లేదు. ఒక్క దెబ్బకు పిక్క పగలాలి, లోపల పప్పు గుండుగా నిలవాలి, బద్ద కాకూడదు. తర్వాత పైపొట్టు తీయాలి. ఆవిడ పొట్టు తీసేటప్పుడు పళ్ళెం వంక చూసేది కాదు. పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూనే, తడి ఆరని పప్పు, పురుగు పట్టిన పప్పు వేళ్ళతోనే ఏరి అవతల పడేసేది. గ్లౌజులు తొడిగితే పిక్క ఆనదు, సుత్తి వేలి మీద పడుతుంది. అందుకని షెడ్డులో అందరూ చేతులకు ఆముదం పట్టించి, పైన బూడిద అద్దుకుని కూర్చుంటారు. తాతల నాటి నుంచీ అదే కవచం.

మా అప్ప ఒక జట్టుకు పెద్ద. ఎవరైనా కొత్తగా చేరితే మొదటి రోజు వాళ్ళ చేతులకు జట్టు పెద్దే ఆముదం రాయాలి. ఇంకో ఆచారం కూడా ఉంది. ఎక్కడో పైదేశం నుంచి కొత్త సరుకు వచ్చిందంటే ఎవరూ సుత్తి ముట్టరు. పెద్ద ఒక పిక్క కొట్టి, దాని నూనె చుక్క తన చేతి వెనక రాసుకుని కూర్చుంటుంది. ఎంతసేపటికి మండింది, ఎంత మండింది చూసి, "ఇది కోపిష్టిది, ఆముదం రెండు పూతలేయండి" అనో, "ఇది సాధువే, కానీండి" అనో చెబుతుంది. ఆ మాటే మాట. ఎదురు అడిగేవాళ్ళు లేరు. అన్నేళ్ళలో ఆవిడ మాట ఒక్కసారీ తప్పలేదు. చివరికి ముంచింది కూడా అదే.

తొంభైతొమ్మిది తుపానుకు మా ఉద్దానం తోటల్లో కొబ్బరీ జీడీ ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. తోటలు ఉన్నవాళ్ళు ఆకాశం వంక చూస్తూ కూర్చున్నారు. షెడ్లకు సరుకు తగ్గింది, వారంలో సగం రోజులు తాళం. ఆ రోజుల్లోనే వజ్రపుకొత్తూరు వైపు నుంచి కామాక్షి వచ్చింది. వాళ్ళ నాన్న తోటంతా పోయింది. పెళ్ళీడు పిల్ల, నోట్లో నాలుక లేదు. మా అప్పకు ఇద్దరూ మగపిల్లలే. కామాక్షి చేతులకు మొదటి రోజు ఆముదం రాసినప్పటి నుంచీ ఆ పిల్లను వదల్లేదు. తన పక్కనే కూర్చోబెట్టుకునేది, తన క్యారేజీలోంచే పెట్టేది. కానీ ఆముదం ఎంత పూసినా జీడి తన పని తాను చేసుకుపోతుంది. రెండు నెలలకే పిల్ల చేతులు నల్లబడ్డాయి. సంబంధం ఒకటి వచ్చి, చేతులు చూసి వెనక్కి పోయింది. పిల్ల మా పెరట్లో కూర్చుని గోళ్ళ సందులు పుల్లతో గీరుకుంటూ ఏడిచింది. అప్ప ఆ రోజు అన్నం తినలేదు.

మరుసటి ఎండాకాలం కాంట్రాక్టరు బాబ్జీ వచ్చాడు. టెక్కలి దాటాక రోడ్డు పక్కన కొత్తగా మందుల ఫ్యాక్టరీ పెట్టారు. మందు పొడి వడకట్టిన గుడ్డలు ఉతకాలి, ఖాళీ డ్రమ్ములు కడగాలి. "జీడి ఆడోళ్ళయితే సేతులకి భయపడరని నానే సెప్పినాను, నూకరత్నమప్పా. నువ్వొత్తే జట్టంతా వొత్తాది," అన్నాడు. నిజమే, ఆవిడ వెళ్తానంది, జట్టంతా వెళ్ళింది. కామాక్షి కూడా వెళ్ళింది.

మొదటి రోజు సంగతి అప్ప నాకు నటించి మరీ చూపించింది. ఫ్యాక్టరీలో మాధవీలత అని ఒక కెమిస్టు ఉండేది, కాలేజీ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. ఆమె అందరికీ రబ్బరు గ్లౌజులు పంచి, కాగితం చూస్తూ చదివిందట: "సాల్వెంట్లు చర్మం ద్వారా శరీరంలోకి శోషణ చెందుతాయి. వ్యక్తిగత రక్షణ పరికరాలు విధిగా ధరించవలెను." చదివి, అర్థమైందా అని అడిగింది. అందరూ అర్థమైందన్నారు. ఆమె వెళ్ళిపోగానే అందరూ మా అప్ప మొహం చూశారు.

ఆ గుడ్డలు ఉతికేది నీళ్ళతో కాదు. హెక్సేన్ అని ఒక ద్రవం, పెట్రోలు వాసన వేస్తుంది, నీళ్ళలా తేటగా ఉంటుంది. ఆడవాళ్ళు దానికి తెల్లనీళ్ళు అని పేరు పెట్టుకున్నారు. మా అప్ప డ్రమ్ము దగ్గరకు వెళ్ళింది. చెయ్యి వెనక్కి తిప్పి, ఒక చుక్క రాసుకుని, జీడి షెడ్డులో కూర్చున్నట్టే కూర్చుంది. మంట లేదు, దురద లేదు. చల్లగా అనిపించి, చూస్తుండగానే ఆవిరైపోయింది. మచ్చ కూడా లేదు.

"సల్లగున్నాది. జీడి ముందు ఇదేపాటి! ఒగ్గేయండి ఆ తొడుగులు," అందట.

అందరూ నవ్వారు. గ్లౌజులు నడుముల్లో దోపుకున్నారు. ఆఫీసర్లు వచ్చినప్పుడు తొడుక్కునేవారు, వెళ్ళగానే తీసేసేవారు. రేకుల షెడ్డు, ఎండాకాలం, రబ్బరు లోపల చేతులు ఉడికిపోతాయి. బయట తెల్లనీళ్ళేమో మంచులా ఉంటాయి. కాల్చేదే విషమని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్న చేతులవి. కాల్చకుండా చంపేది కూడా ఒకటి ఉంటుందని వాళ్ళకు ఎవరు చెప్పాలి?

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అప్ప బస్సు దిగి తిన్నగా నా దగ్గరకు వచ్చింది. "సూడే గౌరీ," అని రెండు చేతులూ నా మొహం మీద చాచింది. నలుపు విరిగిపోయింది. అరచేతిలో గీతలు కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళలో ఆవిడ అరచేతి గీతలు నేను చూడటం అదే మొదటిసారి. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నాకూ తిరిగాయి. సబ్బులూ చింతపండూ తీయలేని మరకను ఆ తెల్లనీళ్ళు తీసేశాయి.

"అంత మరకను తీసేది తోలును మాత్రం ఊరికే వదిలేస్తుందా అప్పా?" అన్నాను.

"నీకు కుళ్ళే. ఎప్పుడూ కుళ్ళే నీకు," అంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు ఆవిడకి. ఆ రోజు మళ్ళీ మాటలు లేవు మాకు.

ఇక చూడండి సంబరం. పని అయిపోయే వేళకు ఒక బకెట్టు నిండా తెల్లనీళ్ళు పెట్టుకుని, జట్టంతా వరసగా మోచేతుల దాకా ముంచుకునేవారు. బస్సులో ఒకరి చేతులు ఒకరు పోల్చి చూసుకునేవారు. అందరికంటే ఎక్కువ ముంచింది కామాక్షి. కాదు, ముంచింది మా అప్పే. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, తడిపిన గుడ్డతో గోళ్ళ చుట్టూ, వేళ్ళ సందుల్లో, తల్లి పసిబిడ్డకు నలుగు పెట్టినట్టు తోమేది. ఆదివారం కూడా మానకూడదని ఒక సోడాసీసాలో నింపి ఇంటికి తెచ్చింది. దాన్ని తీసుకెళ్ళి కిరసనాయిలు స్టవ్వు పక్కన పెట్టింది. నేను ఇల్లెగిరిపోయేలా అరిచాను. "ఇల్లు తగలబెడతావా తల్లీ" అని దండం పెట్టాను. మూతి ముడుచుకుని ఆ సీసా కామాక్షి ఉన్న ఇంటికి పట్టుకుపోయింది.

ఇచ్ఛాపురం నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు బైరాగికి స్టేషను దగ్గర సైకిలు షాపు. వాళ్ళమ్మ సగం తెలుగు, సగం ఒడియా మాట్లాడుతుంది. పెళ్ళిచూపుల్లో ఆమె కామాక్షి చేతులు తన ఒళ్ళోకి తీసుకుని, తిప్పి చూసి, "భలో, భలో. ఎంత తెల్లగున్నాయి తల్లీ," అంది. మా అప్ప నా వంక చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. పరీక్ష రాసి గెలిచినదానిలా చూసింది. సంబంధం కుదిరింది. అంతలో పెళ్ళికొడుకు తాత పోవడంతో ఏడాది ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాదంతా కామాక్షి పనికి వెళ్తూనే ఉంది, పెళ్ళినాటికి చేతులు తెల్లగా ఉండాలని బకెట్టులో ముంచుతూనే ఉంది. ఆ తాత మరికొంత కాలం బతికి ఉంటే ఎంత బాగుండేదో.

పెళ్ళి బాగానే జరిగింది. తర్వాత బిందెలో ఉంగరం వేసి వధూవరుల చేత తీయించే వేడుక పెట్టారు. పసుపు నీళ్ళ బిందెలో రెండు చేతులు. చుట్టూ ఆడవాళ్ళ కేకలు. మొదటిసారి బైరాగి తీశాడు. రెండోసారి కూడా. మూడోసారి జాలిపడి అతను చెయ్యి ఆపేశాడు. అయినా కామాక్షి చెయ్యి బిందె అడుగున తిరుగుతూనే ఉంది కానీ ఉంగరం దొరకలేదు. "అప్పుడే మొగుడికి ఒగ్గేసింది గుంట!" అని, పిల్ల కావాలనే ఓడిందనుకుని అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. పిల్ల మాత్రం నవ్వలేదు.

పెళ్ళివారు బయలుదేరేటప్పుడు కామాక్షి అప్పను పక్కకు లాగి అంది. నేను పక్కనే ఉన్నాను.

"అప్పా, ఉంగరం నా ఏళ్ళకి తగల్నేదు. నీళ్ళు కూడా తగల్నేదు."

"కంగారులో అలగే ఉంటాది. ఎల్లు, ఎల్లు," అని అప్ప వీపు నిమిరి బండి ఎక్కించింది.

మర్నాడు పొద్దున్న నేను వాకిలి ఊడ్చి వచ్చేసరికి అప్ప మా గాబు దగ్గర కూర్చుని ఉంది. ముందు నీళ్ళ బిందె. "నీ ఉంగరం ఒకపాలి ఇందులో ఎయ్యి," అంది. ఏమిటీ పిచ్చి అని నవ్వబోయి, ఆవిడ మొహం చూసి వేశాను. ఆవిడ చెయ్యి లోపలికి పెట్టింది. వెతికింది. వేళ్ళు ఉంగరం మీద నుంచే పోవడం నాకు పైనుంచి కనబడుతోంది. దాని మీద నుంచే పోయాయి, మళ్ళీ వచ్చాయి, మళ్ళీ పోయాయి. కళ్ళు మూసి పొట్టు తీసే వేళ్ళు. చివరికి నేనే చెయ్యి పెట్టి ఉంగరం తీసుకున్నాను.

మా వైపు మనిషికి ఏ నలత చేసినా ముందు వచ్చే భయం ఒక్కటే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో పోయినవాళ్ళు లేని వీధి ఉండదు. అప్ప మొగుడు, మా బావ పోలారావు, ఆవిడను పలాస తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాడు. కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయన్నారు. అంతే, ఆ మాటతో ఇంట్లో పండగయింది. "కిడ్నీ కాదంట, ఇంకేటి భయం! తిమ్మిరి అదే పోద్ది," అని బావ మిఠాయి పొట్లం తెచ్చాడు. నరాల మాట ఎవరికీ తట్టలేదు. అప్ప మళ్ళీ పనికి వెళ్ళింది. నేను వద్దన్నాను, గొడవపడ్డాను. "కిడ్నీ బాగున్నాక నీకేటి నొప్పి," అంది. ఆ రక్తపరీక్ష బాగా రాకపోయినా కొంత మేలు జరిగేదేమో, భయపడి ఇంట్లో కూర్చునేది. ఇలాంటి ఆలోచనలు నాకు ఎన్నో వచ్చాయి, ఒక్కటీ పనికొచ్చేది కాదు.

వానలు పట్టే వేళకు ఇచ్ఛాపురం నుంచి కబురు వచ్చింది. పని మానేసి నెలలయినా కామాక్షికి తగ్గలేదు, ఇంకా ముదిరింది. గిన్నెలు చేతిలోంచి జారిపోతున్నాయి. నడుస్తుంటే పాదం మడత పడుతోంది. రోగం దాచి పెళ్ళి చేశారని అత్త పిల్లను పుట్టింటికి పంపేసింది. అదే వారం మా అప్ప బజారు నుంచి ఒక కాలి చెప్పుతో ఇంటికి వచ్చింది. రెండో చెప్పు ఎక్కడ ఊడిందో ఆవిడకు తెలియదు. అరికాలు నిండా రక్తం, గాజుపెంకు దిగి ఉంది. అదీ తెలియదు. నేను చూపిస్తే వంగి, ఎవరి కాలో చూస్తున్నట్టు చూసింది.

ఈసారి నేను ఎవరినీ అడగలేదు. ఆవిడను బలవంతంగా రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళాను. నరాల డాక్టరు సూదులూ కరెంటూ పెట్టి పరీక్ష చేశాడు. తర్వాత, అప్పటి దాకా ఎవరూ అడగని మాట అడిగాడు, ఏం పని చేస్తావని. గుడ్డలు ఉతుకుతానంది. దేనితో అన్నాడు.

"తెల్లనీళ్ళు బాబూ. పెట్రోలు వాసనేత్తాది. సల్లగుంటాది."

ఆయన కలం కింద పెట్టేశాడు. ఆ ద్రవం చర్మంలోంచి, ఊపిరిలోంచి ఒంట్లోకి దిగి, వేళ్ళ చివర, కాళ్ళ చివర నరాలను మెల్లగా తినేస్తుందని చెప్పాడు. ఆముదం పూసుకున్నా ఆగదు సరికదా, ఆ ద్రవం చర్మంలో ఉన్న నూనెను కూడా కడిగేసి దారి చేసుకుంటుందట. పని మానేశాక కూడా కొన్నాళ్ళు ముదురుతుందట, ఆ తర్వాత మెల్లగా కొంత తిరిగి వస్తుందట. ఎంత వస్తుందో చెప్పలేనన్నాడు. నేను ఆవిడ ఏడుస్తుందనుకున్నాను.

"మరి గుంటకి?" అంది అప్ప. "దాని సేతులకి వత్తాదా, రాదా?"

చిన్న వయసు కాబట్టి ఆశ ఎక్కువ అన్నాడు. అప్ప తిరుగు రైలులో పలాసలో దిగనంది. నేను ఎంత చెప్పినా వినకుండా ఇచ్ఛాపురం దాకా వెళ్ళి, బైరాగి ఇంటి అరుగు మీద కూర్చుంది. కామాక్షి అత్త బయటకు రాగానే చెప్పింది.

"అమ్మా, గుంటకి ఏ రోగమూ నేదు. ఎవరూ ఏటీ దాచనేదు. నానే ఆ నీళ్ళలో దాని సేతులు ముంచినాను, తెల్లబడతాయని. తిడితే నన్ను తిట్టండి. దాన్ని తెచ్చుకోండి."

ఆమె వచ్చి అప్ప పక్కనే అరుగు మీద కూర్చుంది. "ఆ సేతులు సూసే కదమ్మా, నాను ఒప్పుకున్నాను," అంది. అని ఏడ్చింది. మర్నాడే బైరాగి వెళ్ళి కామాక్షిని తీసుకొచ్చాడు. మంచివాళ్ళు. ప్రతి ఇంట్లోనూ అలా జరగదు.

ఆ తర్వాత అప్ప ఫ్యాక్టరీకి వెళ్ళింది. జట్టంతటినీ పనిలోంచి బయటకు పిలిచి, ఎవరెవరికి తిమ్మిర్లు ఉన్నాయో అక్కడికక్కడే అడిగింది. దాదాపు అందరూ చెయ్యెత్తారు. ఎవరికి వాళ్ళు వయసు అనుకున్నారు, బలహీనం అనుకున్నారు. మాధవీలత పరుగెత్తుకుంటూ వచ్చింది.

"నువ్వు తొడుక్కోమన్నావు తల్లీ, కాదనను," అంది అప్ప. "సల్లగున్నది కూడా తినేత్తాదని ఒక్క ముక్క ఎందుకు సెప్పనేదు?"

"చెప్పాననుకున్నానండీ," అంది ఆ అమ్మాయి. "మీరు గ్లౌజులు నడుముకి దోపుకోవడం నేను చూశాను. ఎన్నోసార్లు చూశాను. రిజిస్టర్లో అందరికీ ఇచ్చినట్టు ఉంది కదా అని వెళ్ళిపోయాను. ఆ బకెట్టు సంగతి మాత్రం నిజంగా తెలియదు."

ఆ అమ్మాయి మీద నాకు చాలా కోపం ఉండేది. ఇప్పటికీ కొంత ఉంది. చదివినవాళ్ళు చదివింది చదివినట్టు అప్పజెప్పి, పని అయిపోయిందనుకుంటారు. కానీ తప్పు ఒప్పుకుని నిలబడింది, పైవాళ్ళతో పోట్లాడింది, అది కూడా చెప్పాలి. ఫ్యాక్టరీ జట్టంతటికీ వైద్యం చేయించింది. గుడ్డలు ఉతకడానికి మూసి ఉండే యంత్రం వచ్చింది. షెడ్డుకు గాలి లాగే పెద్ద ఫ్యాన్లు వచ్చాయి. డ్రమ్ములకు తాళాలు, ఆ ద్రవం దిగని వేరే రకం గ్లౌజులు, కొన్ని నెలలకొకసారి పరీక్షలు. ముందు ఇచ్చిన రబ్బరు గ్లౌజులు దానికి సరిగా ఆగేవి కూడా కాదట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయినా పట్టుకున్నారు, తర్వాతి వాళ్ళ చేతులు కాలకుండా.

కామాక్షికి రెండేళ్ళకు నడక సరయింది. పట్టు వచ్చింది, బిందె ఎత్తగలదు. వేళ్ళ చివర స్పర్శ మాత్రం పూర్తిగా రాలేదు. పువ్వులు కట్టలేదు, సూదిలో దారం ఎక్కించలేదు. ఎప్పుడు వచ్చినా అప్ప ఒళ్ళో తల పెట్టుకునే కూర్చుంటుంది. "నీకేటి తెలుసప్పా. నా మంచికే సేసినావు," అంటుంది. ఆ మాట అన్నప్పుడల్లా అప్ప లేచి పెరట్లోకి వెళ్ళిపోతుంది. పిల్ల ఒక్కసారి తిట్టి ఉంటే మా అప్ప కొంచెం తేలికపడేదని నా నమ్మకం.

తుపాను తర్వాత వేసిన జీడిమొక్కలు కాపుకు వచ్చాయి. షెడ్లు మళ్ళీ కళకళలాడాయి. షెడ్డు షావుకారు పాత మర్యాద కొద్దీ మనిషిని పంపి అప్పను పిలిపించాడు. అప్ప ఆముదం రాసుకుని, బూడిద అద్దుకుని, తన పాత చోటులోనే కూర్చుంది. మధ్యాహ్నానికి నేను క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళాను. ఆవిడ పళ్ళెంలో గుండు ఒక్కటి లేదు, అంతా ముక్కలే. పక్కనున్నవాళ్ళు తమ పళ్ళాల్లోంచి గుప్పెడేసి మంచి పప్పు తీసి, ఆవిడ చూడకుండా ఆవిడ పళ్ళెంలో వేస్తున్నారు. ఆవిడ చూసింది. లేచి, చేతులు కడుక్కుని, నాతో ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత షెడ్డు గుమ్మం తొక్కలేదు. ఇంట్లో ఆవిడ పొయ్యి మీద గిన్నె కూడా నేనే దించాలి. ఇప్పుడు ఆవిడ ముట్టుకుంటే, కాలినా తెలియదు.

రెండువేల ఆరులో మాధవీలత మా ఇంటికి వచ్చింది. ఫ్యాక్టరీ పెద్దదవుతోంది, కొత్త జట్టు చేరుతోంది, అందులో సగం మంది కాశీబుగ్గ జీడి ఆడవాళ్ళు. "నేను ఎంత చెప్పినా తల ఊపుతున్నారు కానీ, నమ్మడం లేదండీ. మీరొక్కసారి రావాలి," అంది. అప్ప ససేమిరా అంది. "ఏ మొహం ఎట్టుకొని ఎల్లను?" అంది. ఆ జట్టులో తన పినతల్లి కూతురు కూడా ఉందని తెలిసి, చీర మార్చుకుంది. తోడు నేను వెళ్ళాను.

హాలులో బెంచీల మీద నల్లచేతుల ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ముందు కొత్త గ్లౌజులు పెట్టి ఉన్నాయి, ఒక్కరూ ముట్టలేదు. మాధవీలత ఈసారి కాగితం చూడలేదు. "ఇది మండదు, కాల్చదు, చల్లగా ఉంటుంది. అందుకే దీనికి ఎక్కువ భయపడాలి," అని మామూలు మాటల్లోనే చెప్పింది. వాళ్ళు విన్నారు. విని, అలవాటు చొప్పున మా అప్ప వంక తిరిగారు.

"నూకరత్నమప్పా, నువ్వు సేతి మీద ఏసి సూసినావా?" అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు.

"సూసినాను," అంది అప్ప. "సల్లగున్నాదని సెప్పినాను. ఇప్పుడిది సూడండి."

నా వైపు చెయ్యి చాచింది. ఏం కావాలో నాకు అర్థమైంది. అర్థమైనా ఇవ్వబుద్ధి కాలేదు. కొంగుకు పెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. ఆవిడ అందరికీ కనిపించేలా చూపుడువేలు ఎత్తి, పిన్నీసు దాని కొసలోకి దించింది. ముందు వరసలో ఒకావిడ "ఓలమ్మో" అని కళ్ళు మూసుకుంది. అప్ప మొహంలో రవ్వంత కదలిక లేదు. రక్తం వేలి వెంట మణికట్టు దాకా దిగింది.

"ఇందులో ముంచితే మీ నలుపు పోద్ది. నాది పోయింది. దాంతో ఇది కూడా పోయింది. మన సేతికి తెలవని కీడు కూడా ఉంటాది. తొడగండి."

అంతే అంది. బెంచీలన్నీ ఒక్కసారి కదిలాయి. ఒకరు మొదలుపెట్టారో లేదో అందరూ గ్లౌజులు తొడిగేసుకున్నారు. ఎందుకని అడిగినవాళ్ళు లేరు, వాదించినవాళ్ళు లేరు. నేను అప్పను బయటకు తీసుకొచ్చి, కొంగుతో వేలు చుట్టాను. వెనకే మాధవీలత వచ్చింది. ఆ అమ్మాయికి సంతోషం ఆగడం లేదు.

"చూశారా అండీ! నేను నెల రోజులుగా చెబుతున్నాను. మీరు ఒక్క మాట అనేసరికి అందరూ వేసేసుకున్నారు."

అప్ప ఆమె వంక చూసింది.

"ఆ మొదటి రోజు కూడా అలగే తల్లీ. నాను ఒక్క మాటంటేనే అందరూ తీసేసినారు."